కుట్ల మీద పూతలు: దేనితో పోల్చి మేలంటున్నాం?

కాన్పు గాయాలకు సహజమైన పూతలు ఎంత మేలు చేస్తాయో చెప్పే వ్యాసం ఒకటి ఈ మధ్య చదివాను. కలబంద, క్యాలెండులా అనే బంతిలాంటి పూవు, లావెండర్, తేనె, పసుపు వరుసగా వచ్చాయి. ప్రతి దాని పక్కనా "పరిశోధనల్లో తేలింది" అన్న మాట తప్పకుండా ఉంది. ఆ పరిశోధనల్లో కొన్నింటిని ఇదివరకే చదివి ఉన్నాను కనుక అవి కల్పించి రాసినవి కావని చెప్పగలను. అధ్యయనాలు నిజంగా జరిగాయి, ఫలితాలు కూడా దాదాపు ఆ వ్యాసంలో ఉన్నట్టే వచ్చాయి. అయినా చదవడం ముగించేసరికి నాకు ఒక ప్రశ్న మిగిలిపోయింది. మేలు చేసింది సరే, దేనితో పోలిస్తే?

పూతలన్నీ బూటకమని తేల్చడం నా ఉద్దేశం కాదు. అవి పనిచేశాయనడానికి మనం చూపే సాక్ష్యంలో ఎక్కువ భాగం గాయం తనంతట తాను మానడమేననీ, ఆ ఘనతను పూతకు కట్టబెట్టే తొందరలో బాలింత నొప్పికి అందవలసిన అసలు వైద్యం వెనక్కి పోతోందనీ నా అభిప్రాయం.

అయిదో రోజు కొలత

ఇరాన్ నుంచి 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో తొలి కాన్పులో బిడ్డ బయటకు వచ్చే దారి వెడల్పు కావడానికి పెట్టే కోత (ఎపిసియోటమీ) పడిన 111 మందిని మూడు గుంపులుగా చేసి, ఒక గుంపుకు కలబంద మలాము, మరొక గుంపుకు క్యాలెండులా మలాము ఇచ్చి, మూడో గుంపును ఆసుపత్రిలో మామూలుగా జరిగే పద్ధతికి వదిలేశారు. అయిదో రోజున చూస్తే మలాము రాసుకున్న రెండు గుంపుల వారికీ కోత మెరుగ్గా మానుతూ కనిపించింది. ఇందుకు వాడినది రీడా అనే కొలమానం. 1974లో నాన్సీ డేవిడ్‌సన్ రూపొందించిన ఈ పద్ధతిలో ఎరుపు, వాపు, కమిలిన నెత్తురు, స్రావం, అంచులు కలిసిన తీరు అనే అయిదింటికీ ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు వేసి కూడతారు. మొత్తం 15, ఎంత తక్కువ వస్తే గాయం అంత బాగున్నట్టు.

ఆ అయిదింటినీ మరొకసారి చూడండి. వాటిలో నొప్పి లేదు. బిడ్డకు పాలివ్వడానికి ఆమె తిన్నగా కూర్చోగలుగుతోందా, మూత్రానికి వెళ్తే భగ్గున మండుతోందా, మంచం దిగడానికి ఎవరి చేతినైనా పట్టుకోవలసి వస్తోందా అన్నవాటికి అందులో మార్కులు లేవు. అన్నీ పరీక్షించేవారి కంటికి కనిపించేవే. ఇరాన్‌లోనే 2011లో 120 మంది మీద జరిగిన లావెండర్ అధ్యయనంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు బయటపడింది. లావెండర్ వాడిన 60 మందిలో 25 మందికి నొప్పి లేదు, మిగిలిన 60 మందిలో 17 మందికి లేదు. ఈ వ్యత్యాసం కేవలం కాకతాళీయం కాదని గణాంకాల ప్రకారం గట్టిగా చెప్పడానికి చాలలేదు. ఎరుపు మాత్రం లావెండర్ గుంపులో స్పష్టంగా తగ్గింది. ఈ అధ్యయనాన్ని ఉటంకించేవారిలో చాలామంది ఎరుపు తగ్గిందని రాసి, నొప్పి సంగతి దాటేస్తారు. నిద్ర లేని తల్లికి ఆ రెండింటిలో ఏది ముఖ్యమో ఆమెనే అడగవచ్చు.

ఇంకొక చిక్కు ఉంది. ఆ 2011 అధ్యయనంలో లావెండర్‌ను పోల్చింది పోవిడోన్ అయోడిన్‌తో. ఈ రకం అధ్యయనాల్లో చాలావాటిలో ఎదుటి పక్షం అదే. పైకి న్యాయమైన పోటీలా కనిపిస్తుంది గానీ, పోవిడోన్ అయోడిన్ క్రిములను చంపే మందే తప్ప గాయాన్ని మాన్పే మందు కాదు. ప్రయోగశాలలో అది కొత్త కణజాలాన్ని కట్టే కణాలకు కూడా హాని చేస్తుందని తేలింది. పైగా యోని పొరల ద్వారా ఒంట్లోకి చేరిన అయోడిన్ తల్లిపాలలోకి వెళ్లి, పసిబిడ్డ థైరాయిడ్ మీద ప్రభావం చూపగలదు. అటువంటి దానికన్నా లావెండర్ మెరుగని తేలితే, లావెండర్ గాయాన్ని మాన్పిందని అనుకోవాలా, లేక అయోడిన్ అక్కడ అక్కరలేదని అనుకోవాలా? నాకు రెండోదే ఎక్కువ సబబుగా తోస్తుంది. పక్కన మంచినీళ్లతో మాత్రమే కడుక్కున్న మూడో గుంపు ఉండి ఉంటే తగువు తేలిపోయేది.

వాసన, రంగు

పూతల పరీక్షలో మరో ఇబ్బంది ఏమిటంటే ఎవరికి ఏది ఇచ్చారో దాచడం కష్టం. లావెండర్ గది నిండా గుబాళిస్తుంది, పసుపు అంటిన చోటల్లా పట్టుకుంటుంది. మార్కులు వేసే నర్సుకు తెలిసిపోతుంది, వేయించుకునే తల్లికీ తెలిసిపోతుంది. మంచి జరగాలని కోరుకునే కంటికి అంచు ఎరుపు 2 కాకుండా 1గా కనిపించడానికి ఎంతసేపు పడుతుంది?

ఈ అడ్డంకిని నిజాయితీగా దాటడానికి ప్రయత్నించిన అధ్యయనం ఒకటి ఇంగ్లండులో జరిగి 1994లో వెలువడింది. అందులో 635 మంది తల్లులు. కొందరి స్నానపు నీళ్లలో సహజమైన లావెండర్ తైలం కలిపారు, కొందరికి అదే వాసన వచ్చే కృత్రిమ తైలం, మిగిలినవారికి ఏ గుణమూ లేని నూనె. కృత్రిమ లావెండర్‌ను మధ్యలోకి తేవడం నాకు చాలా నచ్చిన ఎత్తు. వాసన చేసే పనిని, తైలం చేసే పనిని విడదీయడానికి అంతకన్నా సులువైన దారి లేదు. మూడు నుంచి అయిదో రోజు దాకా సహజ తైలం వాడినవారి బాధ సగటున కొంచెం తక్కువగా కనిపించినా, గుంపుల మధ్య నమ్మదగినంత తేడా తేలలేదు. అంతకు ముందు 1988లో జెనిఫర్ స్లీప్, ఏడ్రియన్ గ్రాంట్ 1800 మంది తల్లుల మీద జరిపిన అధ్యయనంలో ఉప్పునీళ్ల స్నానాన్ని, సావ్లాన్ అనే క్రిమినాశకం కలిపిన స్నానాన్ని, ఏమీ కలపని స్నానాన్ని పోల్చారు. గాయం మానడంలోనూ, నొప్పిలోనూ తేడా లేదు.

ఉప్పునీళ్ల సలహా ఇప్పటికీ ఇస్తున్నారు. నాకూ ఇచ్చారు. ఉప్పు వేసుకున్నందువల్ల నష్టమేమీ లేదు కనుక నేను వాదించలేదు, గోరువెచ్చని నీళ్లు హాయిగా ఉన్నమాట కూడా వాస్తవమే. ఆ హాయి ఉప్పుదని ఎవరైనా అంటే మాత్రం ఆ 1800 మంది సంగతి గుర్తు చేయాలనిపిస్తుంది. చిన్న అధ్యయనాల్లో వెలిగిన మందు పెద్ద అధ్యయనంలోకి వచ్చేసరికి వెలవెలబోవడం వైద్యంలో కొత్త కాదు.

గాయం చేసే పని

మా చిన్నమ్మ కూతురికి కాన్పులో చిరుగు పడి కుట్లు వేశారు. మూడో రోజున ఆమె కలబంద మలాము మొదలుపెట్టింది. ఏడో రోజున ఫోన్ చేసి, "అక్కా, నువ్వు నమ్మవు గానీ వాపు సగం దిగిపోయింది. మొన్నటిదాకా పక్కకు ఒత్తిగిలడానికే ఏడ్చేదాన్ని" అంది. నేను నమ్మాను. వాపు దిగడం నిజం. మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య వాపు దిగడం దాదాపు అందరిలోనూ జరిగేదే.

తెగిన చోట మొదటి కొద్ది రోజులు వాపు, వేడి, ఎరుపు ఉంటాయి. చచ్చిన కణాలను, క్రిములను తొలగించే పని అప్పుడు జరుగుతుంది. ఆ తర్వాత కొత్త రక్తనాళాలు, కొల్లాజెన్ పోగులు అల్లుకుంటాయి, పై చర్మం అంచుల నుంచి లోపలికి పాకి కలుసుకుంటుంది. మచ్చ గట్టిపడే దశ నెలల తరబడి సాగుతుంది. ఆ భాగానికి రక్తప్రసరణ బాగా ఉంటుంది కనుక లోతు తక్కువ చిరుగులు మామూలుగా మూడు నాలుగు వారాల్లో మానతాయి. లోపల కరిగిపోయే కుట్లు తమ పని తాము చూసుకుని పోతాయి. నొప్పి భరించలేనంతగా ఉన్న రోజునే ఎవరైనా మందు కోసం వెతుకుతారు. ఆ రోజు నుంచి ఏ దారి పట్టినా అది తగ్గే దారే అవుతుంది. అందువల్ల "నాకు పనిచేసింది" అన్న మాటను నేను అనుభవంగా గౌరవిస్తాను, రుజువుగా లెక్కలోకి తీసుకోలేను.

ఇక్కడ పూతల పక్షాన ఒక మంచి వాదం ఉంది, దాన్ని దాచిపెట్టి ముందుకు పోకూడదు. 1962లో జార్జ్ వింటర్ పందుల చర్మం మీద చేసిన ప్రయోగంలో, గాలికి ఎండి పక్కు కట్టిన గాయం కన్నా తడి పోకుండా కప్పిన గాయం మీద కొత్త చర్మం సుమారు రెట్టింపు వేగంతో వచ్చింది. గాయాన్ని ఎండబెట్టాలన్న పాత నమ్మకం అక్కడి నుంచే సడలింది. మలాము కూడా తడిని నిలుపుతుంది కదా, అదే దాని గుణం కావచ్చు కదా? కావచ్చు. అయితే ఆ గుణం కలబందదో క్యాలెండులాదో కాదు, మలాములోని జిడ్డుది. కలబంద మలామును ఏ మూలికా లేని ఉత్త మలాముతో పోల్చినప్పుడే కలబంద వంతు ఎంతో తెలుస్తుంది. ఏమీ రాయని గుంపుతో పోలిస్తే తెలియదు.

యాభై మూడు, ఎనభై మూడు

కలబంద గురించి మాట్లాడేవారు తరచుగా వదిలేసే అధ్యయనం 1991 నాటిది. సిజేరియన్ వంటి పొట్ట ఆపరేషన్ల తర్వాత కోత విచ్చుకుని, కుట్లతో మూయకుండా అడుగు నుంచి దానంతట మానడానికి వదిలిన గాయాలున్న 21 మందిని తీసుకుని, కొందరికి మామూలు చికిత్స, కొందరికి దానితో పాటు కలబంద జెల్ ఇచ్చారు. మామూలు చికిత్స పొందినవారికి గాయం మానడానికి సగటున 53 రోజులు పట్టింది. కలబంద వాడినవారికి 83 రోజులు పట్టింది.

ఈ అంకెలు చూడగానే కలబందకు వ్యతిరేకంగా జెండా ఎత్తాలనిపిస్తుంది. నేను ఎత్తను. చిన్న అధ్యయనాలను పైన శంకించిన నేను 21 మందితో తీర్పు చెప్పడం ఏ రకంగానూ న్యాయం కాదు. పైగా రెండు గాయాలూ ఒకటి కావు: ఒకటి అంచులు కలిపి కుట్టిన కోత, రెండోది నోరు తెరుచుకున్న పుండు. అయినా ఈ అధ్యయనం నాకు ఒక సంగతిని తేటతెల్లం చేసింది. సహజమైన పూత అంటే పనిచేస్తే లాభం, చేయకపోతే నష్టం లేదు అన్న లెక్క తప్పు కావచ్చు. పచ్చి పుండులోకి పోయే ఏ పదార్థమైనా అక్కడి కణాలతో ఏదో ఒకటి చేస్తుంది. గాయం మానడాన్ని వేగిరపరచగల శక్తి దానికి ఉందని ఒప్పుకుంటే, ఆలస్యం చేయగల శక్తి కూడా ఉందని ఒప్పుకోవాలి.

తేనె బలం, తేనె భయం

ఈ జాబితాలో అందరికన్నా బలమైన అభ్యర్థి తేనే. అందులో నీటి పాలు బహు తక్కువ కనుక క్రిముల్లోని నీటిని లాగేస్తుంది, ఆమ్లగుణం ఉంది, గాయపు తడి తగిలినప్పుడు తేనెలోని ఒక ఎంజైము కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడుదల చేస్తుంది. ఒక అంశం మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి తూచే కొక్రేన్ సమీక్షల్లో 2015 నాటి దాని ప్రకారం లోతు తక్కువ కాలిన గాయాలు తేనెతో కొన్ని మామూలు కట్లకన్నా త్వరగా మానాయి. ఆపరేషన్ తర్వాత చీము పట్టిన గాయాల్లో కూడా క్రిమినాశకాలు, గాజు గుడ్డ (పలుచని కట్టు గుడ్డ) కన్నా తేనె మెరుగ్గా కనిపించింది. మిగిలిన గాయాల విషయంలో సాక్ష్యం గట్టిగా లేదు. ఒక ప్రకృతిసిద్ధమైన పూతకు ఇంత మంచి యోగ్యతాపత్రం రావడం చిన్న సంగతి కాదు.

కానీ ఆసుపత్రుల్లో కట్టుకు వాడే తేనె, వంటింటి సీసాలోని తేనె ఒకటి కావు. తేనెలో బొటులిజం అనే, కండరాలను చచ్చుబరిచే జబ్బును కలిగించే క్రిమి బీజాలు ఉండవచ్చు. వాటిని చంపేంతగా వేడి చేస్తే ఎంజైము పాడవుతుంది కనుక వైద్యానికి వాడే తేనెను గామా కిరణాలతో శుద్ధి చేస్తారు. ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించకూడదని చెప్పడం ఈ బీజాల వల్లే. కాన్పు అయిన ఇంట్లో ఆ నియమం నోటితోనే ఆగదు. చనుమొనలు పగిలితే తేనె రాయమని సలహా ఇచ్చేవారున్నారు. అక్కడ రాసింది నేరుగా బిడ్డ నోట్లోకి పోతుంది. ఈ ఒక్క సలహా విషయంలో నాకు రెండో ఆలోచన లేదు, అది ప్రమాదం. చనుమొనల నొప్పి మీద 2014 నాటి కొక్రేన్ సమీక్ష ఏమీ రాయకపోవడం, లేదా తల్లి తన పాలచుక్కనే రాసుకోవడం మలాములకు తీసిపోదని చెప్పింది కూడా.

పసుపు కథ వేరు. గాయాలకు పసుపు వాడకం మీద 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును భారత శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. పసుపు గాయాన్ని మాన్పుతుందని ఆ తీర్పు నిరూపించినట్టు ఇప్పటికీ చాలామంది చెబుతుంటారు. పేటెంటు రద్దయింది ఆ వాడకం కొత్తది కానందువల్ల. దాని ప్రాచీనత రుజువైంది, ప్రభావం ఆ విచారణలో తేలవలసిన అంశమే కాదు. పసుపులోని కర్కుమిన్ అనే పదార్థం మీద ప్రయోగశాలల్లో ఆసక్తికరమైన ఫలితాలున్నాయి. అయితే డబ్బాలోని పసుపు శుద్ధి చేసిన మందు కాదు, అందులో కర్కుమిన్‌తో పాటు నేల నుంచి వచ్చిన క్రిమి బీజాలు కూడా ఉండవచ్చు.

ప్రసూతి వార్డులో చాలాకాలం నర్సుగా చేసిన నా స్నేహితురాలు చెప్పిన సంఘటన ఒకటి నన్ను వదలదు. జ్వరంతో వచ్చిన ఒక బాలింతను పరీక్షించబోతే కుట్ల మీద పసుపు ముద్ద అట్టకట్టి ఉంది. గోరువెచ్చని సెలైన్ పోస్తూ గాజు గుడ్డతో అద్దుతూ ఉంటే పసుపు నీళ్లు కారుతూనే ఉన్నాయట. కుట్ల ముడుల్లో ఇరుక్కున్న పలుకులు మాత్రం రావు, లాగితే ఆమె కేక పెడుతుంది. అంతా కడిగాక కూడా చర్మం పసుపు పచ్చగానే ఉండటంతో ఎరుపు ఎంత దూరం పాకిందో తెలియలేదు. ఆ జ్వరానికి పసుపు కారణమని నా స్నేహితురాలు అనలేదు, నేనూ అనను. గాయాన్ని చూడడానికే అది అడ్డుపడింది. ఘాటైన తైలాలు చెడు వాసనను కప్పేయడం కూడా ఇటువంటిదే. క్రిములు పట్టిన సంగతి మొదట చెప్పేవి ఆ రంగు, ఆ వాసనే.

ఎదుటివారి మాట

ఇదంతా విన్న ఒక బంధువు నన్ను సూటిగా అడిగింది: "మరి ఆసుపత్రివాళ్లు చేసేవన్నీ రుజువు చూసే చేశారా?" చేయలేదు. అవసరం ఉన్నా లేకపోయినా కోత పెట్టడం దశాబ్దాల పాటు రివాజుగా సాగింది. మామూలు కాన్పుల్లో అలా పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నాటి మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. కుట్లు ఆరాలని కాళ్ల మధ్య వేడి దీపం పెట్టిన కాలం ఉంది. అయోడిన్ సంగతి పైన చెప్పుకున్నాం. రుజువు అడిగే హక్కు ఉంటే దాన్ని రెండు వైపులా వాడాలి, ఆ మాట ఒప్పుకుంటున్నాను.

ఆమె అడగని, అడిగి ఉండవలసిన మాట మరొకటి ఉంది. పూతల కోసం ఎందుకు వెతుకుతున్నారు? మా చిన్నమ్మ కూతురికి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో బిడ్డ గురించి ఒక పేజీ ఉంది, కుట్ల గురించి ఒకే వాక్యం: శుభ్రంగా ఉంచుకోవాలి. నొప్పి మాత్ర గురించి ఆమె అడగలేదు, వాళ్లు చెప్పలేదు. మందు పాలలోకి పోతుందన్న భయంతో ఆమె పళ్లబిగువున ఓర్చుకుంది. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ పాలిచ్చే తల్లులు వాడదగినవేనని వైద్యులకు తెలిసిన సంగతే. ఆ మాట చెప్పేవారు లేని చోట కలబంద డబ్బా వచ్చి కూర్చుంది. పూత అమ్మేవారు కనీసం ఆమెకు నొప్పి ఉందని గుర్తించారు. ఆ మేరకు వారికి మార్కులు వేయాలి.

అందుకే పూత వద్దని చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. మూత్రానికి వెళ్లేటప్పుడు గోరువెచ్చని నీళ్లు పోసుకుంటే మంట తగ్గుతుంది. మెత్తని గుడ్డ చుట్టిన మంచుగడ్డను మొదటి రెండు మూడు రోజులు పది ఇరవై నిమిషాల చొప్పున పెట్టుకోవచ్చు. దీనికి సాక్ష్యం కొద్దిపాటిదే అయినా, ఆ చోటును మొద్దుబార్చే చల్లదనం చాలామందికి ఊరట. ప్యాడ్ తరచుగా మార్చడం, ముందు నుంచి వెనక్కి తుడుచుకోవడం, మలబద్ధకం రానివ్వకపోవడం అందరికీ తెలిసినవే. అన్నింటికన్నా నేను పట్టుబట్టేది చేతి అద్దం విషయంలో. రోజుకొకసారి మంచి వెలుతురులో ఆమె స్వయంగా గాని, ఆమె సిగ్గుపడనక్కర్లేని మనిషి గాని కుట్లను చూడాలి. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరిగినా, అంచులు విడిపోయినా, చీము గాని చెడు వాసన గాని కనిపించినా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా ఆ రోజే వైద్యులకు చూపించాలి. మలద్వారపు కండరం దాకా చిరిగినవారు, మధుమేహం ఉన్నవారు ఇంకా ముందే చూపించుకోవాలి.

నా అభ్యంతరమంతా తెరిచి ఉన్న గాయం గురించే. కుట్లు కరిగి, చర్మం పూర్తిగా మూసుకుని, పరీక్షించినవారు సరేనన్నాక బిగుసుకున్న మచ్చ మీద ఏదో ఒక నూనెతో మెల్లగా మర్దన చేసుకుంటానంటే నాకు పేచీ లేదు. మెత్తబరిచేది నూనా, వేళ్లా అన్న ప్రశ్న అప్పుడు కూడా ఉంటుంది గానీ, దానికి సమాధానం తెలియకపోయినా నష్టపోయేదేమీ లేదు.